విస్తరి ముందు విద్వాంసులు

మా ఊళ్ళో అన్నానికీ కళకీ మధ్య నడిచిన లెక్కల్ని మొదట బయటపెట్టినవాడు గిరీశం. ‘కన్యాశుల్కం’ తెర లేచేసరికి అతను విజయనగరం బొంకులదిబ్బ మీద నిలబడి ఊరొదిలి ఉడాయించే ఆలోచనలో ఉంటాడు. బజారు సామాను తెమ్మని పూటకూళ్ళమ్మ ఇచ్చిన ఇరవై రూపాయలు మధురవాణి కింద ఖర్చుపెట్టేశాడు మరి. నాటకం చూసేవాళ్ళంతా అక్కడ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నా చూపు ఆ ఇరవై రూపాయల వెంట పోతుంది. ఒక వితంతువు ఊదుగొట్టంతో పొయ్యి ఊదుకుని, పదిమందికి వండి వార్చి కూడబెట్టుకున్న డబ్బు అది. ఆటపాటలు తెలిసిన మనిషి గడపలోకి వెళ్ళింది. విజయనగరంలో కళలు కోట నీడన బతికాయని పుస్తకాలు రాస్తాయి. సగం నిజం. మిగతా సగం వంటిళ్ళలో ఉంది.

గురజాడవారి ఆ నాటకం 1892లో ఈ ఊళ్ళోనే మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది, 1909లో తిరగరాసిన ప్రతి వచ్చింది. తర్వాతి తరంలో జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి అన్నదమ్ములు ఇక్కడినించే దాన్ని ఊరూరా తిప్పారు. రమణమూర్తి గిరీశం వేస్తే, సోమయాజులు రామప్పంతులు వేసేవారు. డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన ఆ సోమయాజులే 1980లో ‘శంకరాభరణం’ శాస్త్రిగారై దేశమంతటికీ తెలిశారు. సంగీత విద్వాంసుడంటే ఎలా ఉండాలో సినిమావాళ్ళకి చూపించింది సంగీతం ఊరు నుంచి వెళ్ళిన నాటకాల మనిషే.

ఆ రోజుల్లో చదువుకో, పాటకో ఈ ఊరొచ్చిన కుర్రాడికి కడుపు నింపుకునే దారులు నాలుగే. చేతిలో డబ్బులుంటే పూటకూళ్ళ ఇల్లు. రాజావారి దయ ఉంటే సత్రం. ఊళ్ళో నలుగురు ఎరిగినవాళ్ళుంటే వారాలు. ఇవేవీ కుదరకపోతే భుజాన జోలె కట్టుకుని మాధుకరం.

వారాలంటే ఇప్పటి పిల్లలకి చెప్పాల్సి వస్తోంది. కుర్రాడు ఏడు ఇళ్ళు మాట్లాడుకుంటాడు. సోమవారం ఒక ఇంట్లో భోజనం, మంగళవారం ఇంకో ఇంట్లో. ఒక ఇల్లు తప్పిపోతే ఆ రోజు పస్తు, లేదా పక్కింటివాళ్ళ దయ. మా నాయనమ్మ కాపురానికొచ్చిన కొత్తలో మా ఇంట్లో అలా తినివెళ్ళినవాళ్ళ పేర్లు ఆవిడకి చివర్లో గుర్తు లేవు. ‘గురువారం పిల్లాడు’, ‘శనివారం పిల్లాడు’ అనే తలుచుకునేది. శనివారం పిల్లాడికి వంకాయ పడేది కాదట. వారాలకొచ్చినవాడికి వంకాయ పడకపోవడమేమిటని మా తాతగారు విసుక్కుంటే, ఆవిడ ఆ ఒక్క రోజుకీ బీరకాయ వండేదట. ఆ కుర్రాడు తర్వాత ఎక్కడో సంగీతం మేష్టారయ్యాడని మాత్రం విన్నాం.

ఊళ్ళో అన్నం దారులు ఇలా పరుచుకుని ఉన్న కాలంలోనే, 1919లో, విజయరామ గజపతి మహారాజు సంగీత పాఠశాల పెట్టారు. దాని పుట్టుక గురించి ఊళ్ళో ఒక మాట చెప్పుకుంటారు. కొలువులో పనిచేసే చాగంటి జోగారావుగారి కొడుక్కి చూపు లేదు. పిల్లాడికి పాట మీద మనసు. వాడి కోసం ఏదైనా చెయ్యమని తండ్రి అడిగితే, ఒక్కడికి మేష్టారిని పెట్టే బదులు బడే పెట్టేశారట రాజావారు. ఆ బడే ఇవాళ్టి మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల. తెలుగునాట సంగీతానికంటూ కళాశాల అదే మొదటిది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టిన మనిషి. 1883లో కుప్పుస్వామి నాయుడుగారి హరికథ విని, తానూ గజ్జె కట్టి, చివరికి ఆ కళకే పితామహుడనిపించుకున్నారు. అయిదు తాళాలు ఒకేసారి నడపగల లయజ్ఞానం ఆయనది. 1936 దాకా కళాశాలను ఆయనే నడిపారు.

దాసుగారు తన బతుకు తానే చెప్పుకున్నారు కూడా. ‘నా యెరుక’ అనే ఆ పుస్తకం ఆయన మొదటి ముప్ఫై ఏళ్ళ దగ్గరే ఆగిపోతుంది. కళాకారుడు తన జీవితం చెప్పుకోవడమంటే సన్మానపత్రం చదివినట్టుండక్కర్లేదని ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది. కుర్రతనపు తిరుగుళ్ళు, తప్పటడుగులు ఏవీ దాచలేదు. మా ఊళ్ళో పెద్ద కళాకారుల్ని వేదికెక్కించి ‘మీ ప్రస్థానం చెప్పండి’ అనేవాళ్ళు ముందు ఆ పుస్తకం చదివి రావాలని నా కోరిక. ఫలానా సంవత్సరం ఫలానా బిరుదు అనే జాబితా మనిషిని చూపించదు. ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు, ఎవరు తిట్టారు, ఎవరు పిలిచి పెట్టారు అన్నది చూపిస్తుంది.

దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ కుర్చీలోకి వచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చూపు సరిగా ఆనక బడి చదువు సాగలేదు. అన్నగారి దగ్గర పట్టిన ఫిడేలే చదువైంది. 1919లో ఇరవై ఆరేళ్ళ కుర్రాడిగా ఆయన ఈ కళాశాలలో విద్యార్థిగా చేరదామని వస్తే, వాయిద్యం విన్నవాళ్ళు ‘నీకు నేర్పేదేం లేదు, నువ్వే నేర్పు’ అని ఆచార్యుణ్ణి చేశారని ప్రతీతి. 1936 నుంచి 1953 వరకు ప్రిన్సిపాల్. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. చూపులేని పిల్లాడి కోసం పుట్టిన బడిని చూపు అంతంతమాత్రంగా ఉన్న మనిషి అంతటి స్థాయికి తీసుకెళ్ళారు. పక్కవాద్యంగానే తెలిసిన ఫిడేలుకి వేదిక మధ్యన కూర్చునే అర్హత ఉందని మన వైపు నమ్మించినవారాయన.

ఇక అసలు కథకొస్తాను. విజయనగరం అన్నం గురించి చెప్పి ఘంటసాల పేరెత్తకపోతే ఈ ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు.

గుడివాడ వైపు చౌటపల్లిలో 1922లో పుట్టిన కుర్రాడు. తండ్రి పోయారు. సంగీతం నేర్చుకోవాలని ఇంటింటా పనులు చేసి విసిగిపోయి, వేలికున్న ఉంగరం అమ్ముకుని రైలెక్కి విజయనగరం వచ్చాడు. ఉంగరం నలభై చేస్తుందట, చేతికి వచ్చింది ఎనిమిది రూపాయలట. దిగేసరికి కళాశాలకి వేసవి సెలవులు. ప్రిన్సిపాల్‌ని బతిమాలుకుంటే ఆవరణలో పడుకోనిచ్చారు. అన్నానికి వారాలు కుదిరాయి. ఇంతలో తోటి పిల్లలు చేసిన తప్పు అతని నెత్తిన పడింది. కళాశాలలోంచి పొమ్మన్నారు. ఆ కబురు వంటిళ్ళకి చేరడానికి ఎంతసేపు కావాలి? వారాలు పెట్టే ఇళ్ళవాళ్ళు కూడా ఇక రావద్దన్నారు.

ఈ కథ చెప్పేటప్పుడు మనవాళ్ళు తలుపులేసిన ఇళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగరు. నేను ఆగుతాను. వారాల అన్నంలో దయ ఎంత ఉందో, ఎప్పుడైనా విస్తరి లాగేసే అధికారమూ అంతే ఉంది. పెట్టే చెయ్యి పెట్టడం మానేస్తే అడగడానికి లేదు. ఆ చెయ్యి మీద ఆధారపడి రాగాలు సాధన చేసిన పిల్లల గుండె ధైర్యం ఎలాంటిదో, మూడు పూటలా తిని పెరిగినవాళ్ళం మనం ఊహించుకోవాల్సిందే.

కుర్రాడు ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు. అక్కడ కనిపించాడు పట్రాయని సీతారామశాస్త్రిగారికి. సాలూరు చిన్నగురువుగారంటే మా వైపు ఇప్పటికీ తెలియని పాటగాడుండడు. ఆయన కళాశాలలో గాత్రం మేష్టారు. సంగతంతా విని, మా ఇంటికొచ్చేయ్, పాట నేను చెబుతానన్నారు. పాట చెప్పగలరు గానీ అన్నం పెట్టగలిగే స్థితి కాదు ఆయనది. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకే చాలీచాలని సంసారం. అప్పుడు ఒక సాధువు కుర్రాడి భుజం మీది కండువాని జోలెగా ఎలా కట్టుకోవాలో చూపించి, మాధుకరానికి ఎలా వెళ్ళాలో నేర్పాడట. విజయనగరం వీధుల్లో ‘భవతీ భిక్షాందేహి’ అంటూ తిరిగి తెచ్చుకున్న అన్నం రెండు పూటలకి సరిపెట్టుకునేవాడు. రాత్రికని గుడ్డలో కట్టి ఉంచుకున్నది చీమలు పట్టేది. అది చూసి శాస్త్రిగారి మేనత్తగారు ఒక ఖాళీ డబ్బా ఇచ్చారట.

ఆ డబ్బా గురించి ఎవరూ పాట కట్టలేదు. తర్వాతి కాలంలో పెద్దవాళ్ళెందరో ఘంటసాలకి ఎన్నో కానుకలు ఇచ్చి ఉంటారు. ఆ వేసవిలో ఆయనకి కావలసింది ఆ డబ్బా. ఇంట్లో బియ్యం లేకపోయినా డబ్బా ఉంది, అది ఇచ్చింది ఆవిడ. పేదరికంలో ఉన్న గృహిణి సాయం ఎంత కొలతగా, ఎంత అవసరమైన చోట పడుతుందో నాకు ఇంతకన్నా బాగా చెప్పే సంగతి మరొకటి దొరకలేదు.

సెలవులయ్యాక కళాశాలలో చేరిన ఘంటసాల నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలో ముగించాడని చెబుతారు. చిన్నగురువుగారి కుటుంబంతో బంధం అక్కడితో తెగలేదు. ఆయన కుమారుడు పట్రాయని సంగీతరావుగారు మద్రాసు వెళ్ళి ఏళ్ళ తరబడి ఘంటసాలవారి పక్కన హార్మోనియం పట్టుకున్నారు, సంగీత సహాయకులుగా ఉన్నారు. తర్వాత వెంపటి చినసత్యంగారి కూచిపూడి నృత్యనాటకాలకి సంగీతం కూర్చారు. నూరేళ్ళు నిండాక 2021లో కన్నుమూశారు. పాట చెప్పిన ఇల్లూ, నేర్చుకున్న గొంతూ రెండో తరం దాకా కలిసే నడిచాయి.

ఇంతదాకా చెప్పినవన్నీ విని మా ఊరు అన్నపూర్ణ అనుకుంటే పొరపాటు. సత్రంలో పంక్తి అందరికీ కాదు. వారాలు పెట్టిందీ బ్రాహ్మణ ఇళ్ళే, తిన్నదీ ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలే. సంగీతం మాత్రం ఆ గడపల మధ్యే ఉండేది కాదు. గుళ్ళో నాగస్వరం ఊదే నాయీబ్రాహ్మణుల ఇళ్ళలో ఉంది. తరతరాలుగా పదాలూ జావళీలూ మోసుకొచ్చిన కళావంతుల ఇళ్ళలో ఉంది. తంబురా పట్టినా, పల్లవి పాడినా, ఆ ఇళ్ళ పిల్లలకి సత్రం పంక్తిలో విస్తరి వెయ్యరు. ద్వారంవారు ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నారంటే అది ఫిడేలు గొప్ప. వంటింటి ఆచారం మారి కాదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ రోజుల్లో ఊళ్ళో పేరుమోసిన కళావంతురాలు కళావర్ రింగు ఘంటసాలకి తంబురా బహూకరించిందని చెప్పుకుంటారు. పెళ్ళి మేజువాణీలకి జనం ఎగబడి చూసిన కళాకారిణి, గుర్తింపు కోసం తపిస్తున్న కుర్రాడి చేతికి శ్రుతి ఇచ్చింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. ఒక అన్యాయానికి తెర పడింది, పడాల్సిందే. కానీ చట్టంతోపాటు వాళ్ళ పాటకి పిలుపూ ఆగిపోయింది. కళాశాలల్లో ఉద్యోగాలూ, సభల్లో శాలువాలూ వచ్చే కాలానికి వాళ్ళలో చాలామంది పేరు మార్చుకుని వేరే వీధుల్లోకి వెళ్ళిపోయారు. మధురవాణి పాత్రని మెచ్చుకుంటూ సభలు పెట్టే ఊరు, ఆ పాత్రకి మూలమైన మనుషుల్ని భోజనానికి పిలవలేదు.

ఆడపిల్లల సంగతి వేరే. వారాలూ మాధుకరాలూ మగపిల్లలవే. ఇంట్లో తిని, ఇంటి అనుమతితో కళాశాలకి రాగలిగిన అమ్మాయిలకే పాట. పి. సుశీలగారు ఈ ఊరి న్యాయవాది ముకుందరావుగారి కూతురు. 1935లో ఇక్కడే పుట్టారు. కళాశాలలో డిప్లొమా చేసి మద్రాసు వెళ్ళి, 1950ల మొదట్లో సినిమాల్లో పాడడం మొదలుపెట్టారు. 2016లో గిన్నిస్ పుస్తకం ఆవిడ పాటలు 17,695 అని లెక్క తేల్చింది. ఆవిడ గొంతు అందరం వింటాం. తండ్రి సరేననడం వల్ల మనకి దక్కింది ఆ గొంతు. అలా సరేననని ఇళ్ళల్లో ఎన్ని గొంతులు ఆగిపోయాయో మా ఊరి కథకుడు చాగంటి సోమయాజులుగారికి తెలుసు. ‘వాయులీనం’ కథలో ఒక మధ్యతరగతి ఇల్లాలి ఫిడేలు సంసారపు ఇబ్బందుల్లో అమ్ముడుపోతుంది. కళాకారుల జీవితాల గురించి మా ఊరు రాసుకున్నవాటిలో నాకు అన్నిటికన్నా నిజమనిపించేది ఆ కల్పిత కథే.

1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చాక రాజావారి చెయ్యి వెనక్కి వెళ్ళింది. కళాశాల ప్రభుత్వానిది అయింది. ఉపకారవేతనాలు, హాస్టళ్ళు వచ్చాయి. వారాలు మెల్లగా మాయమయ్యాయి. మంచిదే. ఎవరి దయా లేకుండా తినగలగడం కన్నా పెద్ద గౌరవం విద్యార్థికి లేదు.

అలవాటు మాత్రం ఇంకో వేషం వేసుకుని మిగిలింది. ఇప్పుడు ఏదో ఒక ఆదివారం నలుగురు కళాభిమానులు చందాలు వేసుకుని, ఓ కల్యాణమండపం తీసుకుని, పెద్ద వయసు కళాకారుల్ని పిలిచి భోజనం పెట్టి, వాళ్ళ అనుభవాలు చెప్పించుకుంటున్నారు. ఆ మధ్య అలాంటి ఒకదానికి నేనూ వెళ్ళాను. అడ్డాకు విస్తళ్ళు వేశారు. పార్వతీపురం ఏజెన్సీ నుంచి వచ్చే ఆ ఆకుల వాసనకి వేడన్నం తగిలితే మా ప్రాంతంవాళ్ళకి వేరే ఆహ్వానం అక్కర్లేదు. ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, ఆవపెట్టిన పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు. మాటలు ముందు, భోజనం తర్వాత అని కార్యక్రమం. తిన్నాక మాటలు పెడితే పెరుగన్నం దగ్గరే జనం లేచిపోతున్నారని నిర్వాహకుల అనుభవం. అయితే మండపంలోకి పనసపొట్టు ఘాటు రావడం మొదలయ్యాక ఉపన్యాసాలు వాటంతటవే కుదించుకున్నాయి. అసలు మాటలు విస్తరి ముందే సాగాయి.

గొల్లపల్లి నుంచి వీణలు చేసే పెద్దాయన వచ్చారు. బొబ్బిలి వీణ పేరు అందరికీ తెలుసు, చేసేది పక్కనున్న గొల్లపల్లిలో. ఒకే పనసదుంగని తొలిచి కుండా దండీ కలిపి చేస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. పనసపొట్టు కూర రెండోసారి వేయించుకుంటూ ఆయన, “మాకు రెండూ ఈ చెట్టే బాబూ. కర్ర ముదరాలి, కాయ లేతగుండాలి. రెండింట్లో ఏది తప్పినా పాడే” అన్నారు. ఈమధ్య బల్ల మీద పెట్టుకునే బుల్లి వీణలే ఎక్కువ అడుగుతున్నారని, అతిథులకి జ్ఞాపికలుగా ఇస్తున్నారని చెప్పారు. మరి వాయించే వీణలో అని అడిగితే, “అవీ చేస్తన్నాం. జ్ఞాపికలు అమ్మిన డబ్బుల్తో తిని, వాయించేవి చేస్తన్నాం” అన్నారు. సన్మానసభల్లో ఆ బుల్లి వీణ అందుకునే పెద్దలు ఈ మాట వినాల్సింది.

ఆయన పక్కన కూర్చున్న నాగస్వర విద్వాంసుడు ఎక్కువ మాట్లాడలేదు. “పెళ్ళింటికి అందరికన్నా ముందొచ్చేది మేవు, ఆఖర్న తినేది మేవు. ఇలాగ మొదటి బంతిలో కూకోబెట్టడం ఈ మధ్యనే” అన్నారు. ఆ మాటకి కొందరు నవ్వారు గానీ ఆయన నవ్వలేదు.

ఎక్కువ నవ్వించింది హరిదాసుగారు. ఎనభై దాటినా కంఠంలో బిగి తగ్గలేదు. కథకి ముందు తింటే గాలి ఆడదు, కాబట్టి తినరు. కథ అయ్యేసరికి అర్ధరాత్రి, వంటవాళ్ళు పడుకుంటారు. “గజేంద్రుడికి మోక్షం వచ్చింది గానీ నాకు మజ్జిగ రాలేదు” అని ఆయన అంటే పంక్తంతా గొల్లుమంది. ఒకసారి ఏదో పల్లెలో కథ అయ్యాక ఎవరూ పలకరించకపోతే, ఒక ముసలావిడ తన ఇంటికి తీసుకెళ్ళి చోడి అంబలి, ఉల్లిపాయ పెట్టిందట. “బాబూ, మా ఇంట్లో తింతారో తినరో” అని భయపడుతూనే పెట్టిందట. తిన్నానని చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వం వినిపించింది. ఆ రోజు తన ఊళ్ళోవాళ్ళకి తెలిస్తే ఏమయ్యేదో కూడా ఆయనే చెప్పారు. బిరుదుల జాబితా ఎవరో తయారుచేసి చేతికిస్తే, చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

చివరగా మాట్లాడినవారు రిటైరైన ఫిడేలు టీచరుగారు. ఆవిడ చెప్పింది పిల్లల గురించి. దూరం ఊళ్ళ నుంచి కళాశాలకి వచ్చే పిల్లల్లో ఆకలితో వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారని, పొద్దున్న ఎనిమిదింటికి బస్సెక్కినవాళ్ళు సాయంత్రం దాకా బిస్కట్లతో నెట్టుకొస్తారని, కడుపు మాడుతుంటే కమాను చెయ్యి వణుకుతుందని. తను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కారియరులో ఒక గిన్నె ఎక్కువ పెట్టుకుని వెళ్ళేదాన్నని మామూలుగా చెప్పేసి, బూరె మీద నెయ్యి వేయించుకున్నారు. ఆ పూట విన్నవాటిలో పత్రికల్లో రావలసిన వార్త అది. మర్నాడు వచ్చిన వార్తలో ముఖ్య అతిథి పేరు, శాలువాల ఫొటో ఉన్నాయి.

పెద్దల్ని పిలిచి భోజనం పెట్టి వాళ్ళ కథలు వినడం మంచి పని, ఆపొద్దు. ఆ చందాల్లో కొంత తీసి కళాశాల పిల్లలకి మధ్యాహ్నం అన్నానికి పెడితే ఇంకా మంచిది. ఒకప్పుడు వారాలకి పిలిచినట్టు కులం అడిగి కాదు, ఎవరు పెట్టారో పిల్లలకి తెలియక్కర్లేకుండా. మా ఊళ్ళో కల్యాణమండపాలకి కొదవ లేదు, వంటవాళ్ళకీ కొదవ లేదు.

ఇంకో పని కూడా ఉంది, దానికి డబ్బు అక్కర్లేదు. రాజుల పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. ప్రిన్సిపాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. చిన్నగురువుగారి మేనత్తగారు కూడా బంధుత్వంతోనే మన దాకా వచ్చారు గానీ పేరుతో కాదు. వారాలు పెట్టినవాళ్ళు, పూటకూళ్ళు నడిపినవాళ్ళు, సత్రంలో వండి వడ్డించినవాళ్ళు, ఆఖరి బంతిలో తిన్న మేళగాళ్ళు, మేజువాణీ చేసిన ఇళ్ళవాళ్ళు మీ వంశంలో ఉంటే దాచుకోకండి. వాళ్ళ పేరు, వీధి, తెలిస్తే కాలం, తినివెళ్ళిన విద్యార్థి పేరు ఒక కాగితం మీద రాసి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఇవ్వండి. ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్ళుంటే ఈ వారమే అడగండి. పేరు గుర్తు రాకపోతే, ఏ ఇల్లో ఆనవాలు చెప్పినా సరే, అదే రాయండి.